గాజుతొట్టిలో మత్స్యన్యాయము

మత్స్యన్యాయమను మాట భారతదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. పెద్దచేప చిన్నచేపను మ్రింగునట్లు బలవంతుడు బలహీనుని కబళించు దుస్థితికి శాస్త్రకారులు పెట్టిన పేరది. కౌటిల్యుని అర్థశాస్త్రములోను, మహాభారతమందలి శాంతిపర్వములోను, అట్టి స్థితినుండి ప్రజలను కాపాడుటకే రాజు ఏర్పడెనని చెప్పబడినది. ఆ గ్రంథకర్తలకు చేప ఒక ఉపమానము మాత్రమే. నీటిలోని చేప తన తోటిచేపను తినుట తప్పని వారెవ్వరును తలంపలేదు; మనుష్యుడు చేపవలె ప్రవర్తించుటనే వారు గర్హించిరి. అయితే ఆ ఉపమానము నేడు తలక్రిందులై గృహస్థుని ముందుగదిలోనికి వచ్చి కూర్చున్నది. అతడు గాజుగోడల నడుమ ఒక చిన్న జలరాజ్యమును నిర్మించి, అందు మొక్కలు నాటి, దీపము వెలిగించి, వేటాడి జీవించు చేపనొకదానిని తెచ్చి విడుచుచున్నాడు. దాని ఆహారమునకై మరియొక చేపను ప్రాణముతో అందులో వేయుచున్నాడు. ఒకటి చంపినది, ఒకటి చచ్చినది, ఒకడు చూచినాడు. ఈ హింస ఎవరిది?

ప్రశ్న చిన్నదిగా కనిపించినను, దానిని పరిశీలించుటకు అండమాన్ దీవులు తగిన చోటు. 836 ద్వీపములును, దిబ్బలును, శిలలును కలిసిన అండమాన్ నికోబార్ సముదాయమున సముద్రమునకు కొదువ లేదు గాని, మంచినీటి వాగులు మాత్రము చిన్నవి. ఏటా ఇంచుమించు 3000 మిల్లీమీటర్ల వర్షము కురిసినను, ఆ నీరు కొండలనుండి కొద్దిదూరము పరుగెత్తి కడలిలో కలిసిపోవును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వెళ్లి స్థిరపడిన తెలుగువారు 2011 జనగణన నాటికి అచటి జనాభాలో నూటికి సుమారు 13 మంది. వారిలో చేపలవేట జీవనముగా గలవారు అనేకులు. కొరమీనును, మట్టగిడసను వారికి క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. ఆ కుటుంబమునకే చెందిన ఒక చిన్న చేపను అండమాన్ దీవుల వాగులనుండి సేకరించి, 2018లో శాస్త్రజ్ఞులు ప్రత్యేక జాతిగా వర్ణించిరి. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌లోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థకు పూర్వము సంచాలకుడుగా నుండిన సిబ్‌నారాయణ్ దామ్ రాయ్ గౌరవార్థము దానికి చన్నా రాయీ అని నామకరణము చేసిరి. ఇట్టి అపురూపమైన వేటచేపలను మొక్కలు నాటిన తొట్టిలో పెంచవలెనను కుతూహలము దేశవిదేశములందు పెరుగుచున్నది.

ఆ కుతూహలమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. ఈ జాతివారి స్వభావము నిజముగా విస్మయకరము. మొప్పలతో పాటు తలలోని ఒక ప్రత్యేకమైన గదిలో గాలిని నింపుకొని ఇవి శ్వాసించును. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనుటకు వీలులేకున్నచో నీటిలోనే ఉక్కిరిబిక్కిరియై చచ్చును. కావున తొట్టిని అంచుదాక నింపరాదు. అవి ఎగిరి దూకును గావున మూత లేక విడువరాదు. చేప విసర్జించిన మలినమునుండి పుట్టు అమ్మోనియాను కంటికి కనబడని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగాను, పిమ్మట నైట్రేటుగాను మార్చును. ఆ నైట్రేటును మొక్కలు పీల్చుకొని పెరుగును. ఈ పరస్పరాశ్రయమును దినదినము గమనించువానికి, ఏ ప్రాణియు తనంతట తాను నిలిచి లేదను సత్యము గ్రంథము చదువకయే బోధపడును. మరియొక విశేషము. ఈ కుటుంబములోని పొట్టిజాతులు కొన్నింటిలో మగచేప గ్రుడ్లను తన నోటిలో ధరించి పొదుగును. ఏ నోరు నిమిషములో ఒక ప్రాణిని హరించునో ఆ నోరే దినముల తరబడి సంతానమునకు ఊయల యగుచున్నది. క్రూరజంతువని ఒక మాటలో తేల్చివేయువారు ఈ దృశ్యమును చూచియుండరు.

ఇక పెంచువాని సమాధానము వినవలెను. “వేటాడుట ఆ చేపకు స్వధర్మము. నేను చంపుటలేదు, తినుటలేదు, కేవలము సాక్షిని” అని అతడనును. మాట వేదాంతమువలెనే వినిపించును. అందుకే దానిని శ్రద్ధతో పరీక్షింపవలసియున్నది. ఒకే చెట్టుపై నున్న రెండు పక్షులలో ఒకటి పండు తినుచుండగా రెండవది తినక చూచుచుండునని ముండకోపనిషత్తు దృష్టాంతము. ఆ రెండవ పక్షి పండ్లను తెచ్చి మొదటిదాని ముందు పెట్టి వినోదము చూడలేదు. సాక్షి ఏర్పాటుచేయువాడు కాడు, ఏర్పాటుచేసినవాడు కర్త. వాగులో చిన్నచేపకు రాతిసందు కలదు, వేళ్లగుబురు కలదు, పారిపోవుటకు ప్రవాహము కలదు. వేటచేప పది పర్యాయములు ప్రయత్నించి తొమ్మిది పర్యాయములు విఫలమైనను కావచ్చును. తొట్టిలో వేయబడిన గప్పీ చేపకు ఇవేవియు లేవు. మొక్కలచాటున అది ఒక రాత్రి దాగినను, మరునాటికి గోడలు అక్కడనే యుండును. వేటలోని స్వధర్మమును తీసివేసి, చంపుటను మాత్రము మిగిల్చినవాడు ఆ గృహస్థుడే. అతడు ఆ జలరాజ్యమునకు రాజు. రాజు తన రాజ్యములో మత్స్యన్యాయమును నివారించుటకు మారుగా, దానిని సాయంకాలపు వేడుకగా నడుపుచున్నాడు.

వేడుక యనుటలోనే అసలు ప్రమాదమున్నది. మేతవేళకు పిల్లలను పిలిచి, “చూడు, ఎట్లు పట్టుకొనునో” అని చూపు ఇండ్లు లేకపోలేదు. సౌభరి మహర్షి యమునాజలములో మునిగి చిరకాలము తపస్సు చేసి, ఒకనాడు ఒక మత్స్యరాజు కుటుంబసుఖమును చూచి సంసారేచ్ఛ కలిగి, మాంధాత కుమార్తెలు ఏబదిమందిని వివాహమాడెనని భాగవత కథ. చేపల దోషమేమియు లేదు. అవి తమ బ్రతుకు తాము బ్రతికినవి. చూచినవాని మనస్సు తాను చూచిన ఆకారమును ధరించినది. అంతటి తపస్వికే చూపు అంత పని చేయగా, ప్రతిదినము ఒక నిస్సహాయ ప్రాణి మరణమును ఉత్సాహముతో చూచు బాలుని మనస్సు దేనిని ధరించునో ఆ ఇంటి పెద్దలు యోచింపవలెను.

అట్లయిన చేప ఆకలిమాట యేమి? శిబి చక్రవర్తి కథలో డేగ అడిగినదియు ఇదే. పావురమును కాపాడిన పుణ్యము నీదైనచో, ఆహారములేక చచ్చు నాయు నా పిల్లలయు గతి యేమని అది రాజును నిలదీసెను. ఆ వాదమును శిబి తప్పని త్రోసిపుచ్చలేదు. డేగకు మాంసము కావలెనను సత్యమును అంగీకరించి, వెలను తన దేహమునుండి చెల్లించెను. ఆధునిక గృహస్థుని దయలో ఈ భాగమే లోపించినది. వేటచేపపై అతనికి గల ప్రేమ నిజమే. దాని వెల మాత్రము గప్పీ చెల్లించుచున్నది. తొడకోసి యిమ్మని అతనిని ఎవరును కోరుటలేదు. కొంత శ్రమను, కొంత ఓపికను, చూచెడి ముచ్చటలో కొంతను వదలుకొనుమనుటయే.

వేటచేపకు కాయధాన్యములు పెట్టి సాత్త్వికముగా మార్చెదమని కొందరు పూనుకొందురు. అది అహింస కాదు, అజ్ఞానము. మాంసమునకై నిర్మింపబడిన ప్రేగునకు శాకము పెట్టుట మెల్లగా చంపుటయే. మిథిలలోని ధర్మవ్యాధుడు కౌశికునకు చెప్పిన మాటల సారము ఇచట ఉపకరించును: నాగలి భూమిని చీల్చునప్పుడును అనేక ప్రాణులు నశించుచున్నవి, బొత్తిగా హింస లేని వృత్తి లోకములో దొరకదు. దుకాణములో అమ్ము గుళికలమేత చేతికి రక్తము అంటకుండ చేయును గాని, అందలి పొడియు ఒకప్పుడు సముద్రములో ఈదిన చేపయే. అయినను భేదమున్నది. చచ్చిన రొయ్యముక్కలను, గుళికలను తినుట ఈ చేపలకు ఓపికతో అలవాటు చేయవచ్చును. చాలమంది చేసినారు కూడ. దానివలన తప్పించుకొను దారిలేని భయము తొట్టిలో ఉండదు. చేపకును మేలు, బ్రతికిన మేతచేపలవెంట రోగములును, పరాన్నజీవులును వచ్చును. అగ్గువకు దొరకు బంగారు చేపల మాంసములో బి1 విటమినును నాశనముచేయు పదార్థమొకటి కలదు. వానితోనే పెంచబడిన వేటచేప క్రమముగా జబ్బుపడును. ఇచట దయయు ఆరోగ్యశాస్త్రమును ఒకే మాట చెప్పుచున్నవి. అన్ని వేళల అట్లు జరుగదు.

జరుగని చోటు ఒకటి మిగిలియున్నది, అదియే కఠినమైనది. సత్యవ్రత మహారాజు అర్ఘ్యమిచ్చుచుండగా దోసిలిలోనికి వచ్చిన చిరుచేప, పెద్దచేపలనుండి కాపాడుమని శరణువేడెను. అతడు దానిని కమండలువులో నుంచెను, అది చాలలేదు. గంగాళములో, కొలనులో, సరస్సులో నుంచెను, అవియు చాలలేదు. తుదకు సముద్రమునకు చేర్చవలసివచ్చెను. తొట్టిలో పెంచువారికందరికి కలుగు అనుభవమే ఇది. అంగుళమంత కొని తెచ్చిన పిల్ల మూరెడై కూర్చుండును, తోటివానిని తినును, తొట్టి చాలదు. అప్పుడు గృహస్థునకు సత్యవ్రతుడు జ్ఞాపకము వచ్చును. సంచిలో పోసి సమీపపు వాగులో విడిచి, ఒక ప్రాణిని బంధవిముక్తము చేసితినని సంతృప్తితో ఇంటికి వచ్చును.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రమందలి క్రాఫ్టన్ అను ఊరిలో ఇదియే జరిగినది. ఒకడు వ్యాధిగ్రస్తురాలైన తన సోదరికి పథ్యముగా సూపు కాచుటకై కొరమీనుల కుటుంబములోని ఒక ఆసియా జాతిచేపలను ప్రాణముతో తెప్పించెను. అవి వచ్చునప్పటికి ఆమె కోలుకొనెను. చంపుటకు మనసొప్పక తొట్టిలో పెంచి, పెంపకము భారమైన పిమ్మట చెరువులో విడిచెను. ప్రతి అడుగునను సద్భావమే. ఆ చేపలు చెరువులో పిల్లలను పెట్టినవి. అవి అచటి నదులలోనికి ప్రాకునను భయముతో 2002 సెప్టెంబరులో అధికారులు చెరువునంతటిని విషముతో నింపి, వానితోపాటు ఆ చెరువుచేపలను గూడ చంపవలసివచ్చెను. భాగవతములో సౌభరి మరియొక తావున కనిపించును. గరుత్మంతుడు యమున మడుగులో ఒక చేపను తినగా, మిగిలిన చేపల దుఃఖము చూడలేక, ఇక నీవిచటికి వచ్చి చేపలను తింటివేని ప్రాణములు పోవునని ఆ ముని శాసించెను. గరుడభయము లేని చోటని తెలిసికొని కాళీయుడు వచ్చి అందు కాపురముండెను, మడుగంతయు విషమయ్యెను. జాలి గొప్పదే, కాని ఆ మడుగు పూర్తిస్థితి మునికి కనబడలేదు.

అండమాన్‌వంటి దీవులలో మడుగు మరింత చిన్నది. ప్రధానభూమినుండి వచ్చిన ఒక పెద్ద కప్పజాతి ఈ శతాబ్దములో అచట విస్తరించి, స్థానిక ప్రాణులను తినుచున్నది. చేపపిల్లలతో కలిసి పొరపాటున దిగుమతియై యుండునని పరిశోధకుల భావన. కలప కంపెనీ మూతపడిన తరువాత ఇంటర్వ్యూ ద్వీపములో వదలివేయబడిన పెంపుడు ఏనుగులు అడవిఏనుగులై అచటి చెట్లను క్షీణింపజేసినవి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపముతో దక్షిణ అండమాన్ తీరము క్రుంగి సిప్పీఘాట్ ప్రాంతపు పొలములు ఉప్పునీటి పాలయ్యెను. మంచినీటి జీవులకు మిగిలినదే కొంచెము. చన్నా రాయీవంటి జాతికి అండమాన్ వాగులే సరస్సు, సముద్రము కూడ. వేడుకకై దానిని అచటినుండి పట్టి తెచ్చుట ఒక హాని. విసుగెత్తి పరదేశపు వేటచేపను అచట విడుచుట మరియొక హాని, బహుశః రెండవదే పెద్దది.

కావున తొట్టి చాలని చేపను సాకలేని గృహస్థునకు మిగిలిన దారులు సుఖమైనవి కావు. దానిని స్వీకరించు మరియొక యోగ్యుని వెదకవలెను. దొరకునంతవరకు పెద్దతొట్టి కట్టించి పోషింపవలెను. ఎవ్వరును దొరకక, పోషణము అసాధ్యమైన పక్షమున, బాధ కలుగకుండ దాని ప్రాణమును తీయుట వాగులో విడుచుటకంటె తక్కువ హింసయని నిపుణులు చెప్పుదురు. చీమకు కూడ హాని తలపెట్టని కుటుంబములో పుట్టినవానికి ఈ మాట మింగుడుపడదు. అతని చేయి వెనుకాడును. వాగు దగ్గరలోనే యుండును. చీకటి పడిన తరువాత చూచువారెవ్వరు నుండరు. సంచి మూతి విప్పినంత మాత్రమున చేతికి రక్తము అంటదు. తినబడు పిల్లచేపలు అతని కంటికి కనబడవు, వాని లెక్క ఏ గ్రంథములోను వ్రాయబడదు.