వాకిట రెండు శాసనములు

మనమొక శాసనమును పాటించుటకు రెండు కారణములుండవచ్చును. దాని హేతువు మన బుద్ధికి సమ్మతమగుట మొదటిది. మీరినచో దండన కలుగునన్న భయము రెండవది. మొదటి విధమున పాటించువాడు పౌరుడు. రెండవ విధమున పాటించువాడు దాసుడు. ఈ భేదమును గ్రంథములలో చదివి తెలిసికొనుట సులభమే. వాకిట నిలువబడి, వెనుకనుండి జనులు త్రోయుచుండగా తెలిసికొనుట కష్టము. గొప్ప క్రీడోత్సవములందు ప్రేక్షకులకు నేడు విధింపబడుచున్న నిబంధనలను గూర్చి యీ దృష్టితో కొంత విచారింపదలచితిమి.

మేము విశాఖపట్టణమున జాలరిపేట చేరువను ఉపాధ్యాయవృత్తిలో నున్నవారము. సాయంకాలమున వలలారవేసిన యిసుకమీద మా శిష్యులు క్రికెట్టాడుచుందురు. అచ్చట టిక్కెట్టు లేదు; తనిఖీయును లేదు. ఒక వేసవిలో నలుగురు బాలురను వెంటబెట్టుకొని, పేరుపడిన జట్ల యాటను చూపింప నింకొక నగరమునకు పోయితిమి. అందొక బాలుని నాయనమ్మ తెల్లవాఱకమునుపే లేచి పులిహోర పొట్లము కట్టి, కాచి చల్లార్చిన నీటిని ప్లాస్టిక్ సీసాలో పోసి యిచ్చినది. క్రీడాప్రాంగణపు వాకిట కావలివాడు ఆ రెంటిని తీసికొని ప్రక్కనున్న కుప్పలో వైచెను. ఏమని బాలుడడుగగా “సెక్యూరిటీ” యన్న యొక్కమాటయే బదులైనది. లోపల అట్టి ప్లాస్టిక్ సీసాలోనే, ఒక కంపెనీ ముద్రతో, బయటి వెలకు పెక్కురెట్లు నీరమ్ముచుండిరి. అప్పుడా బాలుడు, “మాస్టారూ! మా నాయనమ్మ సీసా ప్రమాదమైతే, ఈ సీసా ఎందుకు ప్రమాదం కాదండీ?” అని మమ్మడిగెను. మాకు వెంటనే మాట తోచలేదు. నాటినుండి వెదకిన సమాధానమే యీ వ్యాసము.

మొదట కావలివాని పక్షమున చెప్పవలసినది చెప్పుదము. 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్పు సెమీఫైనలు జరుగుచుండగా, భారతజట్టు ఓటమి నిశ్చయమైనంతనే మన ప్రేక్షకులు సీసాలు విసరి మంటలు పెట్టిరి. ఆట నిలిచిపోయి విజయము శ్రీలంకకు ప్రకటింపబడినది. 2010 ఏప్రిల్ 17న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియము వెలుపల బాంబులు ప్రేలి పలువురు గాయపడిరి. 2015 నవంబరు 13న పారిస్ నగరమున ఫుట్‌బాలు ఆట జరుగుచున్న స్టేడియము వెలుపల ఆత్మాహుతిదళమువారు తమ్ము తాము ప్రేల్చుకొనిరి. వారే లోపల చొరబడియున్నచో నెంత ఘోరము జరిగెడిదో యూహింపవచ్చును. కావున సంచి తెఱచి చూపుమన్నపుడు చిన్నబుచ్చుకొనుట వివేకము గాదు. సీసాను నిషేధించుటకు మనవారి చేతులే మొదట కారణమిచ్చినవి. ఇట్టి శాసనమునకు హేతువు కలదు. ఆ హేతువు ధనికునకును పేదకును సమానము.

రెండవ జాతి శాసనము వేఱు. ఉత్సవమునకు ధనమిచ్చిన కంపెనీ, అనగా స్పాన్సరు, తన సరకు దప్ప ప్రతిపక్షపు సరకు ప్రాంగణమున కనబడరాదని యొడంబడిక చేసికొనును. 2006 జూన్ 16న జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ప్రపంచకప్పు ఫుట్‌బాలు చూడవచ్చిన హాలండు దేశీయులు, స్పాన్సరు కాని బీరు కంపెనీ పంచిన నారింజరంగు లాగులు ధరించిరని, వానిని వాకిటనే విప్పించిరి. పలువురు లోదుస్తులతోనే యాట చూచిరి. 2010 జూన్ 14న దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్‌లో, ఆ కంపెనీయే ప్రచారముచేసిన నారింజరంగు గౌనులు తొడిగిన యువతులను స్టేడియమునుండి వెడలించిరి. ఇద్దఱిని నిర్బంధించిరి కూడ. 2012 లండన్ ఒలింపిక్సులో బంగాళదుంప వేపుడమ్ము హక్కు నొక్క మెక్‌డొనాల్డ్స్ కంపెనీకే యిచ్చిరి. ఇతరులు చేపతో కలిపి మాత్రమే యమ్మవచ్చునట! అచ్చట వేపుడు పరువును చేప కాపాడినదని విని మా జాలరిపేటవారు నవ్విరి.

స్పాన్సరు ధనము లేక యింతటి యుత్సవములు జరుగుట దుర్లభమని మే మెఱుగుదుము. వర్తకుడు లాభము కోరుట దోషము గాదు. “ఇచ్చట మా సరకే యమ్ముదుము, దీనివలన వచ్చు ధనముతో ఆట నడుపుచున్నాము” అని బాహాటముగా చెప్పినచో నిష్టమున్నవాడు కొనును, లేనివాడు మానును. దోషమెక్కడనగా, లాభశాసనము రక్షణశాసనపు వేషము ధరించుటయందు. న్యాయశాస్త్రమున దీనిని పోలినదానికి హేత్వాభాసమని పేరు: హేతువువలె కనబడునే కాని హేతువు గాదు. విసరుదురన్న భయముచే ప్లాస్టిక్ సీసాను నిషేధించినచో, లోపల నమ్మెడి ప్లాస్టిక్ సీసాకును నా నిషేధము చెల్లవలెను. చెల్లలేదనగా రక్షణ మాటయే కాని, పని వేఱు.

మా పేటనుండియే యొక దృష్టాంతము చెప్పెదము. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, మరపడవలతో చేపలవేట నిషిద్ధము. ఆ దినములలో మత్స్యకారుల యిండ్లలో పొయ్యి వెలుగుట కష్టము. అయినను అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని యెఱుగుదురు గనుక, గొణగుకొనుచునైనను పడవలను కట్టివేయుదురు. ఆ యుత్తరువు క్రిందనే, “నిషేధము తీరినపిమ్మట ఫలాని యంగడివల దప్ప వేఱువల వేయరా”దని యొక పంక్తి చేర్చినారనుకొందము. అప్పుడు మత్స్యకారుడు ఆ పంక్తిని మాత్రమే శంకింపడు; పైనున్న దానినిగూడ శంకించును. గ్రుడ్ల మాటయు నంగడివాని కల్పనయే యనుకొనును. ఇదియే మా భయము. సీసా తీసికొన్న నష్టము స్వల్పము. నమ్మకము తీసికొన్న నష్టము తీఱనిది. కంచెయే చేను మేసెనేని రైతు రేపు కంచె వేయుటయే మానును. నిజముగా ప్రమాదము వచ్చిననాడు “వెనుకకు పొండు” అని కావలివాడు కేకవేసినను నమ్మువాడుండడు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియము వాకిళ్లకడ త్రొక్కిసలాటలో 11 మంది ప్రాణములు విడిచిన పిమ్మట, వాకిట పలుకు మాటకు ప్రజల విశ్వాస మెంత యవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

టిక్కెట్టు కొన్నవాడు నిబంధనల కొప్పుకొన్నట్లే గదా యని కొంద ఱందురు. 2023 జనవరి 3న మన సుప్రీంకోర్టు సినిమాహాళ్లను గూర్చి, బయటి తినుబండారములను కాదనుటకు యజమానికి హక్కు కలదని తీర్పుచెప్పిన మాట నిజమే. కాని త్రాగునీరు మాత్రముచితముగా నీయవలెనని యా న్యాయస్థానమే పలికినది. దాహమును వర్తకవస్తువు చేయరాదన్న హద్దు అందు కలదు. మఱియు వాకిట నిలుచు పోలీసువాడు ప్రజలందఱి సేవకుడు. ప్రాణరక్షణకొఱకు వానికిచ్చిన యధికారము నొక కంపెనీ లాభమునకు వినియోగింపరాదు.

దీనికి చేయవలసినది దుష్కరము గాదు. వాకిట రెండు పలకలు కట్టవలెను: ఒకదానిపై రక్షణ నిబంధనలు, ఇంకొకదానిపై వర్తక నిబంధనలు, ప్రతిదానిప్రక్కను హేతువు. లండన్‌లో ఖాళీసీసాలను లోనికి రానిచ్చి, నింపుకొనుటకు కుళాయిలమర్చిరి. అది మనకును సాధ్యమే.

ఇది క్రీడాప్రాంగణపు మాట మాత్రమే యని చదువరులు తలంపవలదు. “నీ మేలుకొఱకే” యని చెప్పి బాలికను బడి మాన్పించిన పెద్దలను మన మెఱుగుదుము. ఆ మేలెవ్వరిదో యింటి పనిపాటలు చూచినవారికి తెలియును. రక్షణ పేర మనమిచ్చు ప్రతి యాజ్ఞకును, అది యెవరి మేలుకొఱకో మనలను మనమే మొదట ప్రశ్నించుకొనవలెను.

ఇన్నాళ్లకు ఆ బాలునికి మేమిట్లు చెప్పితిమి: “నాయనా! మీ నాయనమ్మ సీసా వలన ఎవరికీ ప్రమాదం లేదు. అమ్మేవాడి బేరానికే అడ్డం. ఆ మాట వాళ్లు చెప్పి ఉండవలసింది.” వాడు కొంతసేపు ఆలోచించి, “అయితే సంచీ మాత్రం తెరిచి చూపాలి గదండీ?” అనెను. చూపవలెనని చెప్పితిమి.