ర్యాంకు కొరకు మ్రొక్కవచ్చునా?

అలిపిరి నుండి తిరుమలకు పోవు మెట్లకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టుచు, ఒక్కొక్క మెట్టే ఎక్కు తల్లులను వేసవిలో యాత్రికులందరును చూచియే యుందురు. ఆ దినములలో వారిలో పెక్కుమంది మ్రొక్కు ఒక్కటే. ఇంట పిల్లవాడో పిల్లయో ప్రవేశపరీక్ష వ్రాయవలసియుండును. లేదా వ్రాసి ఫలితమునకై ఎదురుచూచుచుండవచ్చును. ఒక యేడు గాలిగోపురమునకు దిగువ ఇద్దరు తల్లులు అలసి ఒకే మెట్టుపై కూర్చుండిరి. మాటలలో ఇరువురి కుమారులును నీట్ వ్రాయుచున్నారని తెలిసినది. "మీ బాబుకి కూడా మంచి ర్యాంకు రావాలమ్మా" అని ఒకామె మనసారా అనెను. రెండవ యామె తల యూపెను. అటుపిమ్మట ఇరువురును చాలసేపు మాటలాడలేదు. ప్రక్కన విశ్రమించియున్న నాకు ఆ మౌనము నాటి నుండి మనస్సులో మెదలుచునే యున్నది.

వారు మంచివారు. ఒకరి కీడు మరియొకరు కోరలేదు. కాని వారు కోరినది ర్యాంకు. మార్కు వేరు, ర్యాంకు వేరు. మార్కు అనునది పిల్లవాడు వ్రాసినదానికి వచ్చునది. ర్యాంకు అనగా వరుసలో చోటు. ఆ చోట ఒకరు నిలిచినచో, అక్కడ నిలువవలెనని వచ్చిన వేరొకరు ఒక అడుగు వెనుకకు జరుగవలసినదే. 2024లో నీట్ పరీక్షను 23 లక్షలమందికి పైగా వ్రాసిరి. దేశమంతటను ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము పైన. మొదట వెలువడిన ఫలితములలో 720 మార్కులకు 720 వచ్చినవారు 67 మంది. అదనపు మార్కుల రద్దు, భౌతికశాస్త్రమునందలి ఒక ప్రశ్నపై సుప్రీంకోర్టు తీర్పు అయిన పిదప సవరించిన ఫలితములలో వారు 17 మందియే. ఈ నడుమ పిల్లలలో దాదాపు అందరి జవాబులలోను ఒక్క అక్షరమైనను మారలేదు. ర్యాంకులు మాత్రము లక్షలమందికి మారినవి. అంతకు ముందటి యేడు ఒక మార్కునకు వచ్చిన ర్యాంకు ఆ యేడు అదే మార్కునకు రాక ఎంతో దిగువకు జారినది. తన చేతిలో లేనిదానిని పిల్లవాడు తెచ్చి యిచ్చునట్లు మనము మ్రొక్కుకొనుచున్నాము.

ఇంజనీరింగు మాట కొంత వేరు. ఇండ్లలో నేటికిని ఎంసెట్ అనియే పిలువబడు పరీక్ష ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండియు, తెలంగాణలో 2024 నుండియు ఈఏపీసెట్ అయినది. అందు ఏదో యొక సీటు దొరకుట అంత కష్టము కాదు. కోరిన కళాశాలలో కోరిన శాఖ దొరకుటయే కష్టము. అక్కడను ప్రార్థన వరుసలో చోటు కొరకే.

అట్లయిన, స్వామిని ర్యాంకు కోరుట ఎదుటివాని పిల్లవానిని వెనుకకు నెట్టుమని కోరుటయే యగునా? ఈ ప్రశ్నను ఒక పెద్దవారి ముందుంచితిని. ఆయన నవ్వి, "బిడ్డ ఆకలికి తల్లి అన్నమడుగదా? అడుగుట తప్పా?" అనిరి. తప్పు కాదు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అను నాలుగు తెగల భక్తులను గీత యేడవ అధ్యాయమున భగవానుడు చెప్పి, వారందరిని ఉదారులుగనే యెంచెను. కావున అడుగుటను గూర్చి నాకు సందేహము లేదు. అడిగిన వస్తువును గూర్చియే సందేహము. అన్నము మరియొక గిన్నెలో నుండి లాగుకొనకుండగనే వండవచ్చును. ర్యాంకును అట్లు వండుట సాధ్యము కాదు.

భాగవతము నాలుగవ స్కంధమున ధ్రువుని కథ మనకందరకును తెలిసినదే. అయినను ప్రవేశపరీక్షల కాలమున దానిని మరల చదివినచో క్రొత్తగా తోచును. ఆ కథ ఆరంభమైనది ఒక ఆసనము కొరకే. ఉత్తానపాదుని తొడపై ఉత్తముడు కూర్చుండియుండగా, ఎక్కబోయిన అయిదేండ్ల పసివానిని సురుచి తూలనాడెను. వాడు ఏడ్చుచు తల్లి సునీతికడకు పోయెను. అప్పుడామె చెప్పిన మొదటిమాట నేటి తల్లిదండ్రులు గమనింపదగినది: నాయనా, ఇతరులకు కీడు తలంపకుము అని. తపస్సు, హరి, పదము, ఇవన్నియు ఆ తరువాతనే. తన కుమారుని అవమానించిన సవతి యెదుటనుండగా ఆ మాట అనగలిగిన తల్లి హృదయమెట్టిదో!

త్రోవలో నారదుడు ఎదురై మరియొకటి చెప్పెను. గుణములలో తనకంటె అధికుని చూచి సంతసింపవలెను. తక్కువవానిపై దయ చూపవలెను. సమానునితో చెలిమి చేయవలెను. ముందున్నవాడు, వెనుకనున్నవాడు, సరిసమానుడు: ర్యాంకుల జాబితాలో మనకు కనబడువారు ఈ మువ్వురే గదా! కోచింగు కళాశాలలలో వారము వారమును గోడలకు అంటించు జాబితాను పిల్లలు ఎట్టి చూపుతో చూచుచున్నారో, ఎట్లు చూడుమని మనము నేర్పితిమో, ఒకసారి తలచుకొనుడు.

ధ్రువుడు ఆ హితవును వినలేదు. సురుచి మాటలు గ్రుచ్చుకొనిన తన మనస్సున అది నిలువదని దాపరికము లేక చెప్పి, తన పూర్వులెవ్వరును పొందని పదము కావలెననెను. నారదుడు కోపింపలేదు, మంత్రము నుపదేశించెను. పసివాని కోరికలోని గాయమును ఋషి గుర్తించెను కాబోలు. తరువాత మధువనమున తపస్సు, సాక్షాత్కారము, ధ్రువపదము. ఇచ్చట నన్ను నిలిపివేసిన సంగతి యొకటి కలదు. స్వామి ఉత్తముని తండ్రి తొడపై నుండి దింపి ధ్రువుని అక్కడ కూర్చుండబెట్టలేదు. అంతకు మునుపు ఎవ్వరును నిలువని చోటును వానికిచ్చెను. ఒకరిది తీసి ఒకరికిచ్చుట స్వామి పద్ధతి కాలేదు. అంతటి పదమును పొంది యింటికి మరలుచున్న ధ్రువుడు సంతోషముతో పోలేదు. చక్రవర్తి ప్రసన్నుడైన వేళ నూకలడిగిన పేదవాని వంటివాడనైతినని లోలోన కుందెను.

మ్రొక్కు బరువును ఎవరు మోయుచున్నారన్నది దీనికంటెను దగ్గరి సంగతి. స్వామికి వడ్డికాసులవాడని ముద్దుపేరు. కుబేరుని ఋణము తీర్చుటకు భక్తుల మ్రొక్కులు వడ్డితో వసూలు చేయునని మన యిండ్లలో చెప్పుకొందుము. ఆ మాటలో చనువున్నది, పరిహాసమున్నది. కాని హాస్టలు గదిలో తెల్లవారుజామున లేచి, రాత్రి పదకొండింటివరకు చదువు పదునేడేండ్ల పిల్లవానికి ఫోనులో తల్లి, "నీ ర్యాంకు కోసం నిలువుదోపిడి మొక్కుకున్నానురా" అన్నప్పుడు ఆ పరిహాసము వానికి వినబడదు. తన మార్కుల మీద అమ్మ గాజులు, నాన్న తలనీలాలు, నాయనమ్మ కాలినడక ఆధారపడియున్నవని మాత్రమే వినబడును. మనకది భక్తి, వానికది అప్పు. మన యింటిలో ఎవరు దేవునికి బాకీపడినను ఆ బాకీ తీర్చవలసినవాడు తానేయని వాడు తలంచును. 2022లో దేశమున 13 వేలమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరని జాతీయ నేరగణాంకములు చెప్పుచున్నవి. కారణములు అనేకములు, అన్నింటిని పరీక్షలపై మోపుట న్యాయము కాదు. అయినను ఫలితములు వెలువడిన మరునాటి పత్రికను తెరచుటకు జంకని తల్లిదండ్రులు మన ప్రాంతమున లేరు.

మరి యేమి కోరవచ్చును? చదువు కోరవచ్చును. హయగ్రీవస్వామిని శ్రీవైష్ణవులు విద్యాధిదేవతగా కొలుతురు. వేదాంతదేశికులు తిరువహీంద్రపురమున ఆయన ననుగ్రహింపజేసికొని స్తోత్రము చేసిరని సంప్రదాయము. బుద్ధి తేటపడవలెనని, చదివినది నిలువవలెనని, పరీక్ష గదిలో వెరపు కలుగరాదని అడిగినచో ఎవ్వరి గిన్నెయు ఖాళీ కాదు. ఈ రెండు కోరికలకును నడుమ అంతరమెంతయో 2024 నాటి వ్యవహారము చూపినది. ఆ యేడు హజారీబాగ్, పాట్నాలలో ప్రశ్నపత్రము ముందుగా వెల్లడియైనదని సుప్రీంకోర్టే చెప్పినది. ర్యాంకునే కోరినవానికి పత్రము దొంగదారిని చిక్కినను కోరిక తీరినట్లే. చదువును కోరినవానికి అట్లు తీరదు.

రామానుజులు తిరుమంత్రార్థము కొరకు శ్రీరంగము నుండి తిరుక్కోష్టియూరునకు పదునెనిమిది మారులు నడచిరి. పదునేడు మారులు గురువు మరల రమ్మని పంపివేసిరి. ఒకటికి రెండేండ్లు లాంగ్ టర్మ్ కోచింగులో కూర్చున్న పిల్లలకు ఆ నడక కష్టము తెలియును. అంత శ్రమించి పొందినదానిని, తనకు నరకము వచ్చునన్నను వెరువక, గోపురమెక్కి అందరకును చాటిరి. ప్రక్క మంచము పిల్లవానికి కనబడకుండ నోట్సు దాచుకొను పిల్లవాడు దుర్మార్గుడు కాడు. అట్లు దాచుకొనవలసినదని వానికి మనము నేర్పితిమి. లెక్క రాని తోటివానికి లెక్క చెప్పి, వాడును నేనును బాగుగా వ్రాయవలెనని యొకే నోట ప్రార్థింపగలిగినచో అది అడుగదగిన కోరిక. ఇది తండ్రుల కంటె పిల్లలకే తొందరగా అర్థమగుట నేను చూచితిని.

పరీక్ష పద్ధతిలో ఒక చిన్న ముచ్చట. నీట్‌లో సరియైన జవాబునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. విడిచిపెట్టినదానికి కోత లేదు. తెలియనిదానిని తెలియదని యెరిగి చేయి వెనుకకు తీయుట కూడ అక్కడ నేర్వవలసిన విద్యయే. కార్పణ్యము శరణాగతికి ఒక అంగమని పెద్దలు చెప్పుదురు. జవాబుపత్రమున ఆ పాఠము ఎదురగునని వారనుకొని యుండరు!

మా వీథిలో ఒక దంపతులు కొన్నేండ్ల క్రిందట, ర్యాంకు 20 వేలలోపల వచ్చినచో తండ్రి తలనీలాలు, తల్లి ఒంటిమీది నగలు సమర్పింతుమని మ్రొక్కుకొనిరి. వచ్చిన ర్యాంకు లక్ష దాటినది. పిల్లవాడు రెండు దినములు అన్నము ముట్టలేదు. మూడవనాడు వాడడిగినది తన చదువు సంగతి కాదు. "అమ్మ మొక్కు ఇప్పుడేమవుతుంది?" అని. తండ్రి ఆ రాత్రి చాలసేపు మేలుకొని యుండెను. మరుసటి వారమే మువ్వురును తిరుమలకు పోయిరి. కల్యాణకట్టలో ఆయన తలనీలాలిచ్చెను. ఆమె గాజులు తీసి హుండీలో వేసెను. వెలుపలికి వచ్చిన పిదప పిల్లవాడు, "ర్యాంకు రాలేదు కదా నాన్నా?" అనెను. "నువ్వు వచ్చావు కదరా" అని ఆయన వాని భుజముపై చేయి వేసెను.

తిరుగు బస్సులో పిల్లవాడు తల్లి ఒడిలో తల పెట్టుకొని ఊరు వచ్చువరకు నిద్రపోయెనట. రెండేండ్లుగా వాడంతసేపు పడుకొనుట చూడలేదని ఆయన నాతో చెప్పెను.