గ్రహబలమా, శ్రమబలమా?

గ్రహాలు మనిషి రాతను శాసిస్తాయని నమ్మనివాడు గ్రహాలు చెక్కిన పాత్రను చూసి ఆనందించవచ్చునా? ప్రభువుల భోగవస్తువు, పైగా మూఢవిశ్వాసం, అది మనకెందుకు అంటారు నంద్యాలలో నా విద్యార్థులు కొందరు. ఆ మాట తేలికగా తోసివేయదగినది కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లండను బ్రిటిష్ మ్యూజియంలో వెస్కోవాలి పాత్ర అనే కంచుపాత్ర ఉన్నది. సుమారు 1200 నాటి ఖొరాసాన్ పని. వెండి పొదిగిన దాని ఒంటిమీద పన్నెండు రాశులు, మూతమీద ఎనిమిది గ్రహాలు. ఎనిమిదవది గ్రహణాలు కలిగించే ఛాయాగ్రహం; మన రాహుకేతువులకు దగ్గరి చుట్టం. జ్యోతిషం మన సొత్తేనని గర్వించేవారు దీనిని గమనించాలి.

ఆనాటి ఇస్లామీయ లోహపాత్రలపై లతలవలె అల్లుకున్న అక్షరాలలో తరచు దీవెనలుంటాయి. ఐశ్వర్యం, విజయం, దీర్ఘాయువు. ఎవరికి? పాత్ర యజమానికి. సుత్తి పట్టిన చేతికి అందులో వాటా లేదు. అయితే 1163లో హెరాత్‌లో తయారైన బొబ్రిన్‌స్కీ బొక్కెనమీద పోతపోసిన ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వాహిద్, లోహం పొదిగిన మసూద్ ఇబ్న్ అహ్మద్ పేర్లు వర్తకుడైన యజమాని పేరుతోపాటే నిలిచాయి.

మన ఆళ్లగడ్డ శిల్పులు నేటికీ నవగ్రహాలు చెక్కుతున్నారు. ఎన్నో గుళ్లలో దాత పేరు ఫలకం మీద ఉంటుంది. రాతిదుమ్ము పీల్చినవాని పేరు ఉండదు.

గ్రహబలాన్ని మనం నిరాకరించవలసిందే. కాని ఆ అల్లికలోని లెక్క, ఓర్పు, చేతి నేర్పు మనిషివి. వాటిని కూడా కాదంటే, శ్రామికుని పేరు చెరిపిన యజమాని పక్షాన చేరినవారమవుతాం.