తరిగే నిధి, తరగని వెలుగు

లక్డారం కంకర మిషన్లు, పటాన్‌చెరు కార్ఖానాలు కరెంటుతోనే నడుస్తాయి. ఆ కరెంటులో అధిక భాగం నేటికీ బొగ్గుదే. ఇల్లెందులో 1889లో మొదలైన సింగరేణి తవ్వకాల్లో మనం తీసిన బొగ్గు మళ్లీ పుట్టదు. మరి రాబోయే తరాలకు అందులో హక్కు లేదా?

హజ్రత్ ఉమర్ (రజి) ఇరాక్ భూములను సైనికులకు పంచకుండా, తర్వాతి తరాల కోసం అట్టిపెట్టారు. ఏటా పంటనిచ్చే భూమి విషయంలోనే అంత జాగ్రత్త అయితే, ఒక్కసారి కాలి బూడిదయ్యే బొగ్గు విషయంలో ఎంత జాగ్రత్త ఉండాలి! అది మన సొత్తు కాదు, అమానతు.

సూర్యరశ్మి తరగదు. 2022లో రామగుండం ఎన్టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పూర్తయింది. అయితే తరగనిదాన్ని దుబారా చేయవచ్చా? పారే నది ఒడ్డున వుజూ చేసినా నీరు వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించినట్లు ఇబ్నె మాజాలో ఉంది. అంటే తప్పు వస్తువు తరగడంలోనే లేదు, మన దుబారాలోనూ ఉంది.

సోదరులారా! అవసరం లేని దీపం ఆర్పడం కూడా దైవభీతే. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.