కాయకము – దాంపత్య ధర్మము





కాయకమును కైలాసముతో సమానముగా నిలిపిన ఘనత బసవాది శరణులది. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు చాకలి, క్షురకుడు, చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు, త్రాళ్ళు పేనువాడు అందరును ఒకే అనుభవ గోష్ఠిలో కూర్చుండిరి. పనిని విడిచి వచ్చి శివుని వెదకినవారు కారు వారు. పనితోడనే శివుని చేరినవారు. ఈ సంగతి తెలియని వీరశైవ గృహము లేదు. అయితే ఇంతటి ఉన్నత సిద్ధాంతమును నేడు కొందరు గృహస్థులు ఇంటివారి నోరు మూయించుటకు వాడుకొనుచున్నారు. ఈ విషయమై కొంత విచారింపవలసియున్నది.

కోదాడ ప్రాంతమునే తీసికొందము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడిన పిమ్మట ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు మాగాణులైనవి. వరి పెరిగినది, వరి వెంట బియ్యపు మిల్లులు వచ్చినవి. మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతములలో సున్నపురాయి ఉండుటచే సిమెంటు ఫ్యాక్టరీలు వెలసినవి. హైదరాబాదు–విజయవాడ రహదారిపై లారీలకు రాత్రి యనునది లేదు. కోతల కాలమున మిల్లులోను అంతే. ఫ్యాక్టరీలో షిఫ్టు మారినపుడెల్ల ఇంటి నిద్రవేళలు మారును. చదువుకొన్న బిడ్డలు హైదరాబాదులోనో అమెరికాలోనో కంప్యూటరు ముందు తెల్లవార్లు కూర్చుండుచున్నారు. ఇవి అన్నియు సత్కాయకములే. వీనిలో సోమరితనము లేదు, పరుల సొత్తునకు ఆశపడుట లేదు.

ఐనను “మా ఇంటాయన చుట్టం లెక్క వచ్చి పోతడు” అని ఇల్లాండ్రు అనుకొను మాట ఈ ఊళ్ళలో క్రొత్తది కాదు. దంపతులిరువురు కలిసి ఇష్టలింగ పూజకు కూర్చుండి ఎన్ని నెలలైనదో లెక్క చెప్పలేని ఇండ్లున్నవి. పెండ్లియై రెండేండ్లు గడవకముందే మాటలు తగ్గి, అవసరమునకు మాత్రమే ఫోనులో పలుకరించుకొను పడుచు జంటలున్నవి. ఎవరైన పెద్దలు అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: “ఇదంతయు వారి కొరకే కదా! పనియే దైవమని బసవన్న చెప్పలేదా?”

ఇట్లు చెప్పువారికి ఆధారముగా కనబడు వచనమొకటి కలదు. ఆయ్దక్కి మారయ్య పేర ప్రసిద్ధమైన ఆ వచనము, కాయకమున మునిగియున్నవాడు గురుదర్శనమును సైతము మరువవలెను, లింగపూజను సైతము మరువవలెనని బోధించును. గురువునే, లింగమునే మరువుమన్నపుడు భార్యాబిడ్డలు ఏపాటి అని వీరి వాదము. వాదము గట్టిదిగనే తోచును. కాని ఆ వచనము చెప్పిన మారయ్య ఎవరు? అతని ఇల్లు ఎట్టిది? అది తెలిసికొనక వచనమును మాత్రము పట్టుకొనుట, ధాన్యము విడిచి ఊక మూటగట్టుకొనుట వంటిది.

కన్నడమున ‘అక్కి’ యనగా బియ్యము. ఏరిన బియ్యముతో జీవించినందున మారయ్యకు ఆయ్దక్కి యను పేరు కలిగెను. బియ్యపు సీమకు ఈ భక్తుని కథ దగ్గరిది. కల్యాణమున శరణుల వాకిళ్ళలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. ఆ బియ్యమును వండి జంగమార్చన చేయుట భార్య లక్కమ్మ కాయకము. ఒకనాడు మారయ్య గోష్ఠిలో తత్త్వచర్చ వినుచు పని మరచి కూర్చుండెను. లక్కమ్మ కాయకమును జ్ఞప్తికి తెచ్చి అతనిని లేపి పంపెను. మరియొకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. బసవన్నయే పరీక్షార్థము ఎక్కువ గింజలు చల్లించెనని చెప్పుదురు. లక్కమ్మ ఆ మూటను చూచి సంతసింపలేదు. ఈ అధికమైన ఆశ మనకేల యని ప్రశ్నించి, తీసికొనిపోయి అచ్చటనే పోసి రమ్మనెను. మారయ్య మారు మాటాడక పోసి వచ్చెను.

ఈ రెండు ఘట్టములలో గమనింపవలసినది లక్కమ్మ నీతి ఒక్కటే కాదు. ఆమె మాట భర్త చెవికి ఎక్కినది. గురువును సైతము మరువుమన్న మారయ్య భార్య పిలుపును మరువలేదు. పని తక్కువైననాడును ఆమెయే హెచ్చరించెను, ఎక్కువైననాడును ఆమెయే హెచ్చరించెను. కాయకమునకు కొలపాత్ర ఆ ఇంటిలో ఇల్లాలి చేతిలో నుండెను. అంతేకాక మారయ్య కాయకమునకు సాయంకాలమొకటి యుండెను. ఆనాటికి చాలినన్ని గింజలు చేరగానే అది ముగియును. రేపటి గింజలు రేపటివి. నేటి ఉద్యోగములలోను, వ్యాపారములలోను ఈ సాయంకాలమే లోపించినది.

మరియొక భేదము కూడ కలదు. జేడర దాసిమయ్య మగ్గము ఇంటిలోనిదే. దుగ్గలాదేవి నూలు సంగతియు, బట్ట సంగతియు ఎరిగినదే. అందుచేతనే ఆలుమగల భక్తి ఏకమైనపుడే శివునికి ప్రియమని దాసిమయ్య అంత నిశ్చయముగా చెప్పగలిగెను. పని చేయుచోటు, కాపురముండుచోటు వేరుకాని కాలమది. ఇపుడు ఆ రెంటికి నడుమ కొన్ని ఆమడలో, కొన్ని సముద్రములో పడినవి. దూరము పెరిగినకొలది చెప్పుకొనవలసిన మాటలు పెరుగవలెను గదా, అవియే తరుగుచున్నవి.

ఆశకొలది పని పెంచుకొనువాని సంగతి సులభము. లక్కమ్మ మాటతో అది తేలిపోవును. లోకహితమునకై దేహమును అరగదీయువాని సంగతియే కఠినము. తెలుగువారిలో ఇందుకు గొప్ప దృష్టాంతము డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితము. ఆయన శరణ సంప్రదాయమున పుట్టినవారు కారు. అయినను కాయకమనగా ఏమో చూపుమన్నచో ఆయనను చూపవచ్చును.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. స్ప్రూ యను గ్రహణి వంటి వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనకును ఆ వ్యాధి సోకగా డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొనిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, మామగారి ధనసాహాయ్యముతో 1920ల తొలినాళ్ళలో అమెరికాకు బయలుదేరిరి. ధర్మపత్ని శేషగిరి గారు స్వదేశముననే నిలిచిపోయిరి.

బోస్టనులో ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ రోగులకు పరిచర్యలు చేయు కూలి పనితో పొట్ట పోసికొని, పగలు చదువుకొనిరి. 1925లో ఫిస్కుతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. దేహకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. యను పదార్థమును గుర్తించినవారిలో ఆయన ఒకరు. హార్వర్డులో తగిన స్థానము దొరకక 1940లో లెడర్లీ ప్రయోగశాలకు చేరిరి. అచ్చట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. రక్తహీనతకును, సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికిని అది మందైనది. బిడ్డల రక్తపు క్యాన్సరుపై ప్రయోగించిన అమినోప్టెరిన్, దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్ ఆ పరిశోధనాలయమునుండియే వెలువడినవి. 1948లో లోకమునకు తెలిసిన ఆరియోమైసిన్ కూడ అచ్చటిదే. తెలుగు జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి మ్రింగించిన బోదకాలు మాత్ర, డి.ఇ.సి., ఆయన బృందము చూపిన మందు. ఆ మాత్ర మ్రింగినవారిలో ఎందరికి ఆయన పేరు తెలియును? పేరు కోరనివాడే నిజమైన కాయకయోగి.

1948 ఆగస్టులో న్యూయార్కు నగరమున ఆయన 53 ఏండ్ల వయస్సున కన్ను మూసిరి. సముద్రము దాటి వెళ్ళినది మొదలు తిరిగి స్వదేశమునకు రాలేదు. భార్యాభర్తలు మరల కలిసికొనలేదు. వారికి కలిగిన కుమారుడు శైశవముననే పోయెను. తెలుగు పాఠ్యగ్రంథములలో సుబ్బారావు గారి పేరున్నది. 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలా బిళ్ళ వెలువరించినది. శేషగిరి గారి పేరు ఎరిగినవారు అరుదు.

ఆ మహనీయుని నిందించుటకు ఎవ్వరికిని నోరు రాదు, రాకూడదు కూడ. ఎందరి బిడ్డలో ఆయన శ్రమచే బ్రతికిరి. కాని దాసోహమను శరణతత్త్వమును ఎదుట నుంచుకొని చూచినపుడు ఒక ప్రశ్న తప్పదు. దాసోహమున సమర్పింపవలసినది తనది. తన చెమట, తన నిద్ర, తన సంపాదన సమర్పించుటకు ఎవనికైనను అధికారము కలదు. సుబ్బారావు గారు అవి అన్నియు ఇచ్చిరి. వానితో పాటు వేరొకరి పాతికేండ్ల జీవితము కూడ ఆ పళ్ళెరమున చేరినది. అది ఆయన సొత్తా? ప్రయాణమునకు ఆ ఇల్లాలు సమ్మతించియుండవచ్చును. జీవితకాలపు ఎడబాటునకు ముందుగా సమ్మతి ఈయగలవారెవరు? ఆయన ఇచ్చిన కానుక లోకమునకు తెలిసినది. ఆమె ఇచ్చినది కానుకయో, పోగొట్టుకొన్నదియో నిర్ణయింపవలసినది ఆమె. ఆమెను అడిగినవారు లేరు.

సుబ్బారావు గారంతటి ప్రజ్ఞ లక్షలలో ఒకరికి కూడ దొరకదు. ఆయన చేసినట్లు చేయుదునని మిల్లు గుమాస్తాయో, కంపెనీ ఉద్యోగియో చెప్పుకొన్నచో నవ్వు వచ్చును. అయినను ఆ ఇంటిలో మిగిలిన శూన్యము మాత్రము ఇచ్చట చిన్న చిన్న ఇండ్లలోను అదే రూపముతో కనబడుచున్నది. మందు కనుగొనకయే ఎడబాటు మాత్రము ఆర్జించువారు పెక్కండ్రు.

అక్కమహాదేవి సంసారమును విడువలేదా యని ఎవరైన అడుగవచ్చును. విడిచినది. కౌశికునితో వివాహము జరిగినదని కొన్ని కథనములు, జరుగలేదని మరికొన్ని కథనములు చెప్పును. ఎట్లైనను ఆమె తన పతి చెన్నమల్లికార్జునుడని ఎదుటనే చెప్పి వెడలెను. ఒకరిని గుమ్మమువద్ద నిరీక్షణలో నిలిపి, రేపు వత్తును, వచ్చే ఏడు వత్తునని ఆశ చూపలేదు. ఆ నిష్కాపట్యము ఉన్నవాడు పనినే పెండ్లాడవచ్చును. వేరొక పెండ్లి చేసికొనక్కరలేదు.

ఇక ఆడువారి కాయకము సంగతి. నేడు నర్సులు, ఉపాధ్యాయినులు, పోలీసు ఉద్యోగినులు ఈ కుటుంబములనుండియే వచ్చుచున్నారు. భర్త అర్ధరాత్రి వచ్చినచో కాయకనిష్ఠ యని, భార్య రాత్రి డ్యూటీకి పోయినచో ఇల్లు పట్టనిదని అనుట శరణధర్మము కాదు. లక్కమ్మ వంటకు కల్యాణమున కాయకమనియే పేరు. మారయ్య గింజలకును అదే పేరు. కొలత ఒకటే కావలెను. ఆసుపత్రి పిలుపును, తెగిన విద్యుత్తు తీగను, నడిరాత్రి బస్సును విడిచి రాలేనివారు ఎప్పుడును ఉందురు. వారిని రమ్మని ఎవరును అనరు. ఎందుకు రాలేకపోయెనో ఇంటిలో చెప్పుటకును, ఇంటిలో జరిగినది వినుటకును వారికి తీరిక ఉన్నదా అనునదే ప్రశ్న.

బసవన్న స్వయముగా బిజ్జలుని భండారమును వహించినవాడు. రాజ్యపు లెక్కలు, శరణుల రాకపోకలు, శత్రువుల కొండెములు; ఇంతకంటె తీరిక లేని ఉద్యోగి యెవరు? అయినను గంగాంబిక, నీలాంబికలు ఆ మహామనెలో దాసోహపు భారమును పంచుకొన్నవారేగాని దూరమున నిలిచినవారు కారు. కల్యాణమున విప్లవము రేగిన పిదప బసవన్న కూడలసంగమమునకు వెడలెను. అంత్యకాలము సమీపించినదని తెలిసి హడపద అప్పన్నను పంపి నీలాంబికను రమ్మని కబురు చేసెను. ఆమె వెంటనే కదలలేదట. అచ్చటనున్న సంగయ్య ఇచ్చట లేడా యని ఆమె తలచినట్లు ఆమె వచనములను బట్టి పెద్దలు చెప్పుదురు. తరువాత బయలుదేరి, త్రోవలో కృష్ణాతీరమున తంగడిగి వద్ద బసవైక్య వార్త విని అచ్చటనే ఐక్యమయ్యెననియు సంప్రదాయము. ఆ భార్యాభర్తలును కడసారి కలిసికొనలేకపోయిరి. కాని ఆయన పిలిచెను. ఆమె తన విచారముతో తాను సమాధానము చెప్పెను.

మఠములు ఈ విషయమున చేయదగినది కొంత ఉన్నది. వివాహ నిశ్చయమునకు వధూవరులు గురువుల ఆశీస్సునకు వచ్చునపుడు కట్నకానుకల మాట, ముహూర్తపు మాట నడుచుచున్నవి. ఉద్యోగమెట్టిది, రాత్రులెన్ని, విదేశవాసమున్నచో ఎన్నేండ్లు, భార్యను వెంట తీసికొనిపోవుట ఎపుడు, ఆమె ఉద్యోగము మాటేమి అని ఇరువురిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి అడుగు ఆచారము లేదు. లింగధారణ సమయమున ప్రమాణములు చేయించు స్వాములకు ఈ నాలుగు ప్రశ్నలు భారము కావు. ఏడాదికొకసారి శివరాత్రికి వచ్చిన దంపతులను ఆ సమాధానములను బట్టి మరల పలుకరింపవచ్చును. అటువేళ భర్త చెప్పునది విని ఊరకుండక, ముందుగా ఇల్లాలిని అడుగుట మంచిది.