చైను బిగువు, చక్రం తిన్నన



మోటారు సైకిలు చైను చప్పుడు చేస్తే మెకానిక్కు దగ్గరకు తీసుకువెళతాం. అతడు చేసే పనిలో రెండు భాగాలున్నాయి.

మొదటిది బిగువు. చైను క్రింది వరుసను మధ్యలో వేలితో పైకీ క్రిందికీ ఆడించి చూస్తాడు. చాలా బళ్ళకు ఆ ఆట సుమారు 25 నుండి 35 మిల్లీమీటర్లు ఉండాలి. మరీ వదులైతే చైను పళ్ళమీద నుండి జారుతుంది. మరీ బిగిస్తే, నిలబెట్టిన బండిలో తేడా తెలియదు. ఇద్దరు ఎక్కి కూర్చుంటే వెనుక భాగం కుంగి, చైను ఇంకా బిగుసుకొని బేరింగులను, పళ్ళను అరగదీస్తుంది. కనుక ఆ వదులు అజాగ్రత్త కాదు. రాబోయే బరువు కోసం ముందే ఉంచిన చోటు. పైగా చైను అంతటా ఒకేలా అరగదు. అందుకే చక్రం తిప్పుతూ, ఎక్కడ ఎక్కువ బిగువుందో అక్కడే కొలుస్తారు.

తల్లిదండ్రులారా! ఇంటర్ ఫలితాల రోజున మార్కులు తగ్గిన బిడ్డ ఇంటికి రావడానికి భయపడితే, మన ఇంట్లో బిగువు ఎంత ఉన్నట్లు? బిడ్డలను విసిగించి వారి మనసు విరిచేయవద్దని పునీత పౌలుగారు కొలొస్సీయులకు వ్రాసిన లేఖ 3:21లో తండ్రులనే హెచ్చరించారు.

రెండవది చక్రం తిన్నన. ఇరుసుకు రెండు ప్రక్కలా అడ్జస్టర్లు, గుర్తు గీతలు ఉంటాయి. ఒక ప్రక్కే ఎక్కువ లాగితే, బిగువు సరిపోయినా చక్రం వంకరగా నిలుస్తుంది. తల్లి ఒక వైపు, తండ్రి ఒక వైపు లాగే ఇల్లూ అంతే. ఇద్దరూ చూసుకోవలసిన గుర్తు సువిశేషమే.

మానవ సుగుణాలకు మధ్యస్థం ఉందనీ, దైవప్రేమకు మాత్రం మితం లేదనీ పునీత తోమా అక్వినాసుగారు బోధించారు. బిగువుకు మధ్యస్థం ఉంది; తిన్నదనానికి లేదు. తప్పిన బిడ్డను దగ్గరకు తీసుకోండి. కాపీ కొట్టి అయినా పాసవ్వమని మాత్రం చెప్పకండి.

మరియమాత, పునీత జోజప్పగారు బాలయేసు బంధువులతో ఉన్నాడనుకొని ఒక రోజు ప్రయాణం నడిచారు. అది నమ్మకం. కానరాకపోతే దుఃఖంతో వెదకారు. అది బాధ్యత. ఆయన తండ్రి ఇంట దొరికాడు. వారితో నజరేతుకు వెళ్ళి విధేయుడై జీవించాడు.

ఈ వారం జపమాల ముగిశాక భార్యాభర్తలు పది నిమిషాలు కూర్చోండి. మన బిడ్డకు ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో మాట్లాడుకోండి. తరువాత బిడ్డను పిలిచి, నుదుట సిలువ గుర్తు వేసి దీవించండి. తిరుకుటుంబం మీ ఇంటిని కాపాడునుగాక! ఆమెన్.