భయభక్తుల్లో ఏది ముందు?

ఈ వారం వీడియోలో ప్రహ్లాదుడి కథ చెప్పుకున్నాం కదా. స్తంభం పగిలేదాకా చెప్పి ఆపేశాను. నిజానికి నన్ను బాగా పట్టుకున్న ఘట్టం ఆ తర్వాతది. అది చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

రెండేళ్ల క్రితం నాన్నకి గుండెపోటు వచ్చింది. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న నాకు మొదట గుర్తొచ్చింది ఏంటో తెలుసా? అంతకుముందు శనివారం ఆఫీసు పార్టీలో తిన్న చికెన్. నియమం తప్పాను, అందుకే ఇలా అయిందనుకున్నాను. వెంటనే స్వామితో బేరం మొదలెట్టాను. నాన్న ఇంటికొస్తే ఏడు శనివారాలు ఉపవాసం ఉంటాను. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను. తలనీలాలిస్తాను. గంట గంటకీ మొక్కులు పెంచుకుంటూ పోయాను, వేలంపాటలో లాగా.

తోడుగా వచ్చిన మా ఆఫీసు ఫ్రెండ్ క్రైస్తవుడు. నా గోలంతా విని, బైబిల్లో యోహాను రాసిన మొదటి పత్రికలో ఒక మాట ఉందన్నాడు. నిండైన ప్రేమ భయాన్ని బయటికి తోసేస్తుందట, భయమంటే శిక్ష పడుతుందన్న ఆలోచనేనట. "మీ దగ్గర ఇలాంటిది లేదా?" అనడిగాడు. ఎగతాళేం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు చటుక్కున ఏమీ తోచలేదు. "మేం భయభక్తులు అని కలిపే అంటాం, పైగా భయమే ముందు" అన్నాను. "ఆ మాట మా చర్చిలోనూ వాడతార్లే" అని నవ్వాడు.

నాన్న ఇంటికొచ్చాక భాగవతం సప్తమ స్కంధం మళ్లీ తీశాను. ఈసారి హిరణ్యకశిపుడు వేరేగా కనిపించాడు. తమ్ముడు హిరణ్యాక్షుడు హతమయ్యాక తపస్సు చేసి, మనిషి చేతిలో గానీ మృగం చేతిలో గానీ, లోపల గానీ బయట గానీ, పగలు గానీ రాత్రి గానీ చావకూడదని వరాలడిగాడు. భయపడ్డవాడు తప్ప ఎవరైనా అంత పొడుగు లిస్టు రాసుకుంటారా? అన్ని వరాలుండి కూడా, ఏం చేసినా చావని కన్నకొడుకుని చూసి, వీడివల్లే నా చావొస్తుందేమోనని దిగులుపడతాడు. చండామార్కులు ఓదార్చాల్సి వస్తుంది. ఏ వరమూ లేని పిల్లాడేమో నిశ్చింతగా ఉన్నాడు.

ఇక వీడియోలో నేను వదిలేసిన ఘట్టం. నరసింహస్వామి ఉగ్రరూపం చూసి బ్రహ్మాది దేవతలంతా దూరంగానే నిలబడిపోయారు. లక్ష్మీదేవి కూడా దగ్గరికి వెళ్లలేకపోయింది. బ్రహ్మ చెప్తే ఆ పిల్లాడే మెల్లగా వెళ్లి కాళ్ల మీద పడ్డాడు. స్వామి లేవనెత్తి తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు ప్రహ్లాదుడు అన్నదాని భావం ఇది: నీ కోరలంటే, గోళ్లంటే నాకు భయం లేదు, ఈ సంసారచక్రంలో పడి నలిగిపోవడమంటేనే భయం.

అంటే ఆయనకీ భయముంది! నాకు ఊరటనిచ్చింది ఇదే. భయం ఉన్నా, స్వామి దగ్గరికి వెళ్లడానికి అది అడ్డం రాలేదు.

వరాలు కోరుకోమన్నప్పుడు మాత్రం, ప్రతిఫలం కోసం సేవించేవాడు భృత్యుడు కాదు, వ్యాపారి అంటాడు. ఐసీయూ బయట నేను చేసిందేంటో అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి నాలో రెండు భయాలున్నాయి. నాన్న లేకపోతే ఎలా అన్నది ఒకటి, అది ప్రేమే. నా తప్పుకి శిక్ష పడుతోందన్నది రెండోది. అందులో నాన్న ఎక్కడా లేడు, అంతా నేనే.

భయం లేకపోతే మీరసలు దీపమైనా పెడతారా అంటుంది మా అమ్మ. ఆవిడ మాట పూర్తిగా కొట్టిపారేయలేను. కంసుడు భయంతోనే కృష్ణుణ్ణి తలుచుకుని తలుచుకుని తరించాడని నారదుడే ధర్మరాజుకి చెప్తాడు. కానీ తింటున్నా, నడుస్తున్నా శత్రువే కనిపించే ఆ బతుకు ఎవరికి కావాలి?

చివరికి ప్రహ్లాదుడు అడిగిందల్లా రెండే. తన మనసులో కోరికలు మొలకెత్తకూడదని, తనని అంత హింసించిన తండ్రి పాపం పోవాలని.

నా శనివారం నియమం ఇప్పటికీ నడుస్తోంది. మొన్న ఒక శనివారం మర్చిపోయి ఎగ్ పఫ్ తినేశాను. రాత్రి గుర్తొచ్చింది. గుండె గుభేలుమంది, అబద్ధమెందుకు. స్వామికి దణ్ణం పెట్టుకున్నాను, ఈసారి మొక్కేమీ మొక్కలేదు. తర్వాత నాన్నకి ఫోన్ చేశాను. క్రికెట్ చూస్తున్నారు. "ఏరా, ఈ టైమ్‌లో?" అన్నారు.